ఖాళీ గడిలో సున్నా

నౌపడ దగ్గర ఉప్పుమడుల ఊరివాళ్ల పేర్లు కంప్యూటర్ తెర మీద జారుతుండగా లీలారాణి చెయ్యి ఆగింది. అరవై మందిలో యాభై రెండు పేర్లు పచ్చరంగులో ఉన్నాయి. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఒకటిన్నర లోపుంటే పచ్చ, మూడు లోపు పసుపు, ఆపైన ఎరుపు. రేపు కిడ్నీ డాక్టరు బండి ఆగేది పసుపు, ఎరుపు పేర్లవాళ్ల కోసమే. జాబితా ఆ బండివాళ్లకు ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా వెళ్లాలి. ఇప్పుడు మూడూ పది.

నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి కూతురామె. శ్రీకాకుళంలో ఒక స్వచ్ఛంద సంస్థ సర్వే కాగితాలను పదకొండేళ్లుగా కంప్యూటర్‌కెక్కిస్తోంది. పక్క ఊళ్లో మూడో వంతు పసుపే వచ్చింది. ఇక్కడింత ఆరోగ్యం ఎక్కడిది?

కాగితాల కట్ట విప్పింది. ముప్పై ఒక్క మందికి క్రియాటినిన్ గడి ఖాళీ. ఖాళీని కంప్యూటర్ సున్నాగా తీసుకుంది. సున్నా ఒకటిన్నర లోపే కదా! రక్తమే తీయనివాళ్లు ఆరోగ్యవంతుల్లో చేరిపోయారు.

ఊరి ఆరోగ్య కార్యకర్త బుల్లమ్మకు ఫోన్ చేసింది.

“ఈ గడులు వదిలేసినావేటి బుల్లమ్మా?”

“రక్తం తీసే శిబిరం పదింటికెట్టినారు కదమ్మా. ఆల్లు తెల్లారకుండానే మడుల్లోకి పోతారు. రాలేదని రాసేస్తే పేర్లు కొట్టేస్తారని వదిలేసినాను.”

“వీళ్లలో ఒంట్లో బాగోలేనోళ్లున్నారా?”

“జగ్గమ్మ ఉన్నాది. కాళ్లు రెండూ పొంగిపోనాయి. రేపు బండొస్తాదని సెప్పేసినాను. వస్తాది కదమ్మా?”

జగ్గమ్మ పేరు పచ్చరంగులో ఉంది. “చూస్తాను బుల్లమ్మా,” అని లీలారాణి ఫోన్ పెట్టేసింది.

“ఏటమ్మా, ఇంకా పంపలేదా?” అంటూ మేనేజర్ మురళీమోహన్ వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. “ఇన్ని ఖాళీలంటే పైవాళ్లు నన్ను నిలదీస్తారు. మిగిలినోళ్ల సగటు కట్టి నింపేయ్.”

“సగటు ఒకటి పాయింట్ నాలుగు సార్. మళ్లీ పచ్చే. మీ బీపీ కూడా ఆఫీసు సగటు చూసి రాసేయమంటారా?”

“నోరు బాగా లేస్తన్నాది నీకు. పంపితే నీ పేరుతో పంపు. రేపడిగితే నాకు తెలీదంతాను.”

మూడూ నలభై. గడి ఖాళీగా ఉంటే ఆ మూడు రంగుల్లో దేన్లోనూ చేర్చకుండా, బూడిదరంగులో ‘పరీక్ష జరగలేదు’ అని విడిగా చూపేలా మార్చింది. ముప్పై ఒక్క పేర్లూ అందులోకి దిగాయి. బండి రేపు తెల్లవారుజామున ఐదింటికే ఉప్పుమడుల గట్టు దగ్గర ఆగితే వీళ్లు రక్తపరీక్షకు దొరుకుతారని కింద రాసి, తన పేరు పెట్టి పంపింది. గడియారం నాలుగుకు మూడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఆ సాయంత్రం జవాబేమీ రాలేదు. మర్నాడు పదింటికి బండి నుంచి ఇరవై రెండు మంది క్రియాటినిన్ అంకెలొచ్చాయి. తొమ్మిది మంది అప్పటికీ దొరకలేదు. జగ్గమ్మది ఐదు పాయింట్ రెండు. ఎక్కించగానే గడి ఎర్రబడింది.

ఆమెను అదే బండిలో పెద్దాసుపత్రికి తీసికెళ్లిపోయారని బుల్లమ్మ ఫోన్‌లో చెప్పింది. ఈసారి ఇళ్లకే వెళ్లి రక్తం తీసేలా లీలారాణి ఆ దొరకని తొమ్మిది పేర్లూ చదవడం మొదలుపెట్టింది, బుల్లమ్మ ఒక్కొక్కరి ఇంటి గుర్తు చెబుతూ ఉండగా.