చల్లారిన బ్రేకుల మీద నా సాక్ష్యం

1962 వేసవి. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నేను మెకానిక్కుగా పని మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. కార్లున్నవాళ్లు తక్కువ. ఉన్నవాళ్లు కూడా బండిని షెడ్డుకు పంపేవాళ్లు కాదు, కబురు పెట్టి మమ్మల్నే ఇంటికి రమ్మనేవాళ్లు. సంచిలో స్పానర్లు, ఒక డబ్బా బ్రేక్ ఆయిల్ వేసుకుని బస్సెక్కడం నాకు అలవాటైపోయింది. నా పనిలో సగం పరాయి వాళ్ల కారు కొట్టాల్లోనే జరిగింది.

బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం వ్యాపారం చేసే ఒక రెడ్డిగారింటికి అలాగే వెళ్లేవాణ్ణి. ఆయనకు ఒక నల్ల కారు ఉండేది. దాన్ని తొమ్మిదేళ్లుగా తోలుతున్న డ్రైవరు మస్తానయ్య, కోవూరు మనిషి. సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. గేరు మార్చేటప్పుడు చప్పుడైతే తనే సిగ్గుపడేవాడు.

ఆ మే నెలలో మస్తానయ్య రెడ్డిగారిని బోగోలులో బంధువుల ఇంట్లో దించి ఒక్కడే తిరిగి వస్తున్నాడు. కోవూరు దాటి బుచ్చిరెడ్డిపాలెం దారి పట్టాక ముందు పోతున్న ఎద్దుబండిని వెనకనుంచి గుద్దాడు. బండి తోలుతున్న ముసలాయన కిందపడి అక్కడికక్కడే చనిపోయాడు. మస్తానయ్య పారిపోలేదు. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, పోలీసులు వచ్చేదాకా రోడ్డు మీదే కూర్చున్నాడట.

మూడో రోజు రెడ్డిగారు నన్ను పిలిపించారు. ముందు బంపరు వంగింది, ఒక లైటు పగిలింది. అంతకు మించి కారుకు ఏమీ కాలేదు. జామీను మీద వచ్చిన మస్తానయ్య కొట్టం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

నేను సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాను. గట్టిగా ఉంది, కాలి కింద రాయి ఉన్నట్టు. కారును వీధిలోకి తీసి కాలువ గట్టుదాకా తోలి నాలుగు సార్లు బ్రేకు వేశాను. నాలుగు సార్లూ ఉన్నచోటే నిలిచింది. చక్రాల దగ్గర ఆయిలు కారిన జాడ లేదు. నా లెక్కలో పరీక్ష అయిపోయింది.

"అన్నా, పెడలు నేలకంటింది. రెండు తూర్లు తొక్కినా. కాలి కింద ఏమీ లేదు" అన్నాడు మస్తానయ్య.

"ఇప్పుడు రాయి మాదిరుండాదే!"

"ఇప్పుడుండాది. అప్పుడు లేదు. బోగోలు దాటినప్పట్నించీ బండి ఈడస్తా వున్నింది. ఎవురో వెనకనించి పట్టుకున్నట్టు. కోవూరు కాడ కాలిన వాసన గూడా వచ్చినాది."

ఆ మాటలు విన్నాను, పట్టించుకోలేదు. యాక్సిడెంటు చేసిన ప్రతి డ్రైవరూ బ్రేకు పోయిందనే అంటాడని అప్పటికి నా నమ్మకం.

రెడ్డిగారు పంచలోంచి అడిగారు: "సుబ్బయ్యా, ఉన్నదున్నట్టు చెప్పు. బ్రేకులు బాగుండాయా, లేదా?"

"బాగుండాయండీ."

"అయితే పోలీసులకు అదే రాసియ్యి."

రాసిచ్చాను. తరువాత కోర్టుకు పిలిస్తే బోనెక్కి అదే చెప్పాను. బ్రేకుల్లో లోపం ఉండే అవకాశం ఏమైనా ఉందా అని మస్తానయ్య తరఫు వకీలు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ లేదన్నాను. నా పనితనం మీద నాకు అంత ధీమా. సెప్టెంబరులో తీర్పు వచ్చింది. ఏడాది శిక్ష. బయటికి తీసుకుపోతుంటే మస్తానయ్య నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది. తను చెప్పింది నాకు అర్థం కాలేదేమో, ఇంకోసారి చెప్పాలేమో అన్నట్టు చూశాడు.

తరువాతి ఫిబ్రవరిలో రెడ్డిగారి దగ్గర్నుంచి మళ్లీ కబురు. నేను వెళ్లేసరికి కారు అప్పుడే వచ్చి వాకిట్లో ఆగింది. కొత్త డ్రైవరు దిగుతూనే మొదలుపెట్టాడు.

"నాయుడుపేట నించి వస్తా వుంటే గూడూరు కాడ బ్రేకులు పోయినాయి మేస్త్రీ. నేనొచ్చినాక ఇంత దూరం తోలింది ఇదే తొలిసారి. గంటసేపు నిలబెట్టినా. మళ్లా వాటంతటవే వచ్చేసినాయి. ఇదేం బండి?"

సంచి కింద పెట్టి కారు దగ్గరికి పోయాను. కారు చుట్టూ కాలిన వాసన. ముందు చక్రం మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాను. లోపల బ్రేకు పట్టే డ్రమ్ము పెనంలా కాలుతోంది. జాకీ వేసి చక్రం ఎత్తి తిప్పితే తిరగలేదు. బ్రేకు మీద ఎవరి కాలూ లేదు, అయినా బ్రేకు పట్టే ఉంది. చక్రం వెనక బ్లీడింగ్ నిపిల్ అని చిన్న మర ఉంటుంది, గొట్టంలో గాలి చేరితే తీయడానికి. దాన్ని వదులు చేయగానే వేడి ఆయిలు చివ్వున చిమ్మింది. చక్రం వదులైంది.

ఇక చూడవలసింది ఒక్కటే. పెడలు తొక్కితే పుష్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఆయిలుండే మాస్టర్ సిలిండర్‌లోకి తోసుకుపోతుంది. అక్కడినుంచి ఆయిలు నాలుగు చక్రాలకూ పోతుంది. కాలు తీస్తే ఆయిలు ఒక సన్నటి రంధ్రం గుండా వెనక్కి రావాలి. అందుకని పెడలుకూ రాడ్డుకూ మధ్య కొంచెం ఖాళీ వదులుతాం, దాన్ని ఫ్రీ ప్లే అంటాం. ఆ కారులో ఆ ఖాళీ లేదు. ఎవరో రాడ్డును పొడవు చేసి బిగించారు. రంధ్రం ఎప్పుడూ మూసుకునే ఉండటంతో కారు నడిచేకొద్దీ బ్రేకులు కొంచెం కొంచెంగా పట్టుకుంటున్నాయి. పట్టినకొద్దీ వేడి. ఆ వేడికి ఆయిలు మరిగి ఆవిరైతే పెడలు కింద ఇక బలం ఉండదు. చల్లారాక మళ్లీ గట్టిగా, ఏ లోపమూ లేనట్టే ఉంటుంది.

మే నెలలో ఆ పెడలును వేలితో నొక్కి చూసి ఉంటే చాలు, తెలిసిపోయేది. నేను నొక్కలేదు.

"ఈ రాడ్డు ఎవురు తిప్పినారండీ?" అని రెడ్డిగారిని అడిగాను.

"నేనే. పెడలు లోతుకు పోతా వున్నింది. ఆ మాత్రానికి నిన్నెందుకు నెల్లూరి నించి పిలిపించేదని నేనే బిగించినా."

"ఎప్పుడు?"

"పోయిన ఏడు. ఎండాకాలం మొదుట్లో" అన్నారు.

"అయితే మస్తానయ్య చెప్పింది నిజమేనండీ."

ఆయన నా ముఖంలోకి చూశారు. "సుబ్బయ్యా, ప్రమాణం చేసి కోర్టులో చెప్పింది నువ్వు. నేను గాదు. వచ్చిన పని చూసుకోని పో."

చూసుకున్నాను. రాడ్డును వెనక్కి తిప్పి ఖాళీ సరిచేశాను. మరిగిన ఆయిలు తీసేసి కొత్తది పోశాను. పదిమైళ్లు తోలి వచ్చి డ్రమ్ముల మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి. అంత చక్కగా పనిచేసి బస్సెక్కి ఇంటికొచ్చాను.

వకీలు దగ్గరికి పోవాలని ఎన్నోసార్లు బయల్దేరాను. నాకు పని ఇచ్చేవాళ్లలో సగం మంది రెడ్డిగారి చుట్టాలు, స్నేహితులు. అబద్ధపు సాక్ష్యం అని నామీదే కేసు పెడతారేమోనన్న భయం ఒకటి. ఈ రెంటికీ మించింది ఇంకొకటి ఉంది. నా పని నాకు రాదని పదిమందిలో ఒప్పుకోవడం. పోలేదు.

శిక్షలో రెండు నెలలు తగ్గించడంతో మస్తానయ్య జూలైలో విడుదలయ్యాడు. వారం తరువాత కోవూరు వెళ్లాను. ఇంటి ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. భార్య రమణమ్మ గడపలో నిలబడి ఉంది. రాడ్డు సంగతి, ఆయిలు మరగడం, రెడ్డిగారు అన్న మాట, అన్నీ చెప్పాను. అతను పేనడం ఆపలేదు.

"నీకెప్పుడు తెలిసినాది?" అన్నాడు.

"ఫిబ్రవరిలో."

తాడు పక్కన పెట్టాడు. మార్చిలో మస్తానయ్య తల్లి చనిపోయిందని, జైల్లోంచి అతన్ని చివరిచూపుకు పంపలేదని రమణమ్మ చెప్పింది. మస్తానయ్య ఆమెను ఆపాడు.

"ఆయనకు మంచినీళ్లియ్యి మే. తాగి పోతాడు."

తాగి వచ్చేశాను. మస్తానయ్య మళ్లీ స్టీరింగు పట్టలేదని తరువాత తెలిసింది.

పని విషయంలో ఈ కేసు నేర్పింది చిన్నదే. ఆగి ఉన్న కారును చూసి బ్రేకులు బాగున్నాయని చెప్పకూడదు. వేడెక్కేదాకా తోలి చూడాలి. అంతకు ముందు, పెడలు మీద కాలు పెట్టిన మనిషి చెప్పేది పూర్తిగా వినాలి. ఆ తరువాత నా చేతికింద పనిచేసిన వాళ్లందరికీ ఇది నేర్పాను. తప్పు తెలిసిన రోజే చెప్పెయ్యాలన్న రెండో సంగతి మాత్రం ఎవరికీ నేర్పలేకపోయాను. చెప్పబోతే, నువ్వు చెప్పావా అని ఎదురు అడుగుతారేమోనని భయం.