పసుపు పూసిన వైర్లు

మొన్న అటక సర్దుతుంటే పాత బిస్కెట్ డబ్బాలో వైర్లు వేలాడుతున్న కారు పార్టు ఒకటి, నల్లటిది, దొరికింది. స్క్రూల సందుల్లో ఇంకా పసుపుంది.

మన ఈడువాళ్లకి గుర్తుందా, దసరాకి కుట్టుమిషన్ నుంచి కత్తిపీట దాకా అన్నిటికీ బొట్లు పెట్టేవాళ్లం? రాజమండ్రిలో మా షెడ్డులో తాతయ్యగారి ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది, ఇద్దరు కూర్చునేది. ఆయన పోయాక, నానమ్మని మళ్లీ అందులో కోరుకొండ గుడికి తీసుకెళ్తానని నాన్న దాన్ని బాగుచెయ్యడానికి మొత్తం విప్పేశారు. ఏ వైరు ఏ పార్టుదో మర్చిపోకుండా రెండిటికీ ఒకే రంగు చీరపీలికలు కట్టుకున్నారు.

ఆ దసరాకి నానమ్మ పీలికలన్నీ విప్పేసి, పార్టులన్నీ కడిగి, వైర్లతో సహా పసుపు పూసింది.

"అమ్మా, గుడ్డలేవి?" అన్నారు నాన్న.

"పూజకి పాత పీలికలేంట్రా? పొయ్యిలో పడేశాను."

నాన్న గుర్తున్నంతవరకు వైర్లు కలిపారు. ఆ తర్వాత లైటు నొక్కితే హారన్ మోగేది. కొన్ని పార్టులు దేనివో ఏ మెకానిక్కీ అంతుపట్టలేదు.

"అయిందా నాయనా?" అని నానమ్మ రోజూ అడిగేది.

"అవుతుందమ్మా" అనేవారు నాన్న. ఎందుకు అవట్లేదో ఆవిడకి చివరిదాకా చెప్పలేదు. ఆవిడ పోయాక కారు పాత ఇనుములోకి వెళ్లిపోయింది. ఒక్క మాట చెప్తే ఏం పోయేదని నాకిప్పటికీ కోపమే.

ఆ కోపంతోనే డబ్బా పట్టుకెళ్లి, "ఇదేం పార్టు నాన్నా?" అన్నాను.

"తెలీదమ్మా."

కొంగుతో పసుపు తుడవబోయాను. గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"తుడవకు. మా అమ్మ పెట్టింది."