అత్త పేరున పడిన బహుమతి

తన పేరు నలుగురి కంటా పడితే చాలు, జన్మ ధన్యమైపోతుందనుకునే వయసు ఒకటుంటుంది చూడండి, ఆ రోజుల్లో నేను బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీలో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. సొంత కంప్యూటర్ లేదు. అత్త చీరల వ్యాపారానికి కొనుక్కున్న ల్యాప్‌టాప్ మీదే నా విద్యలన్నీ. రైలు వేళలు చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. అర్ధరాత్రి దాటాక వచ్చే బళ్లన్నీ నిన్ననే వెళ్లిపోయాయని చెప్పేది మహాతల్లి. ఆ తప్పు సరిచేసినవాళ్లకి బహుమతి డబ్బు, పైగా కృతజ్ఞతల పేజీలో పేరు అన్నారు. డబ్బు సరే, ఆ పేరు మీద పడింది నా కన్ను. (ప్రేమ్ బజార్ టీ కొట్లో మిత్రులకి ముందే చెప్పేసుకున్నాను కూడా.)

రోజుల తరబడి కుస్తీ పట్టి సరిచేసి పంపాను. తీరా పేజీ తెరిస్తే అక్కడ మా అత్త పేరు, ఇంటిపేరుతో సహా వెలిగిపోతోంది! కొత్తలో అత్త మెప్పు కోసం ఆ ల్యాప్‌టాప్‌లో అన్నిచోట్లా ఆవిడ పేరే పెట్టిన ఘనుణ్ణి నేనే. నేను పంపిన పనికి అది ఆ పేరే తగిలించింది. లబోదిబోమంటూ ఆ సాఫ్ట్‌వేర్ నడిపే పెద్దమనిషికి మెయిల్ రాశాను. ఆవిడ ఒప్పుకుంటే మారుస్తానన్నాడాయన.

సంగతి చెప్తే అత్త చేపలు కడుగుతూ విన్నది. "ఏటీ, నా పేరు పడిందా? ఏదీ, సూపించు!" అంటూ చేతులు తుడుచుకుని వచ్చింది.

"పడింది గానీ అత్తా, పని చేసింది నేను కదా!"

"అయితే ఏటిరా? పూజకి సందా నానిచ్చినా రసీదు మీ మావ పేర్నే కదేటి రాస్తారు. అప్పుడెవుడూ గోల ఎట్టనేదే!"

మావ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను అలిగి అన్నం మానేశాను. (ఒక్క పూటే. రెండో పూట చేపల పులుసు.) పులుసు వడ్డిస్తూ అత్త తీర్పు చెప్పింది. "డబ్బులన్నీ నువ్వే తీసుకో. పేరు మాత్రం ఉంచీరా. ఫలానావోడి పెళ్లాం అని కాకండా, ఒట్టి నా పేరు ఎక్కడైనా రాసినారేటి ఇన్నాళ్లూ?"

పేరు అలాగే ఉంచమని ఆయనకి రాసేశాను. మర్నాటినుంచి చీరలకొచ్చిన బెంగాలీ దీదీలందరికీ ముందు ఆ పేజీ, తర్వాతే చీరలు. ఎక్కడెక్కడివాళ్లో ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో తప్పు సరిచేయమని అత్త పేరున రాసేవారు. చదివి వినిపిస్తే "ఠీక్ హై, సేసెత్తామని రాసీ" అనేది ధీమాగా. చేసేది నేను కదా మరి!

ఇప్పుడు నాకు పెద్ద ఉద్యోగమే. రాసే సాఫ్ట్‌వేర్‌లో దేనిమీదా నా పేరుండదు, అలగడమూ మానేశాను. మొన్న సెలవులకి వెళ్తే అత్త ఆ పేజీ తెరిచి, "కింద నీ పేరు కూడా ఎట్టుకోరా, నాకేటి అడ్డు!" అంది. పెట్టుకోలేదు. అన్నం మానేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, ఇంకొంచెం పులుసు వేయించుకున్నాను.