రెండో స్థానంలో ఆపిన పాట

అతని పేరు ఇక్కడ రాయను. రాస్తే అదొక మర్యాద అవుతుంది, ఆ మర్యాద కూడా అతనికి దక్కనివ్వను. పులివెందుల దగ్గర చీనీ తోటలు, అదే బత్తాయి తోటలున్న మనిషి. మా అక్కతో నిశ్చితార్థం చేసుకుని వదిలేసిన మనిషి. ఇంతకు మించి చెప్పడం దండగ.

నిశ్చితార్థమైన కొత్తలో రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. మాటలు తక్కువ. ఒక పాత సినిమా పాట పెట్టి అక్కకు వినిపించేవాడు, రోజూ అదే పాట. అక్క తనలో తను నవ్వుకుంటూ మిషన్ తొక్కేది. ఒకరోజు పెళ్ళయ్యాక కుట్టుపని మానెయ్యాలన్నాడు. అక్క ఊరుకుంటుందా?

“మీ బోర్లు ఎండిపోయిన నాడు నా మిషనే అన్నం పెడ్తాది, సూసుకో” అనేసింది.

అయ్యగారికి రోషం పొడుచుకొచ్చింది. వారం తిరక్కముందే మధ్యవర్తి వచ్చి, “పిల్లకు నోరెక్కువంటప్పా, వాళ్ళొద్దంటాండారు” అని మా నాన్నతో చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. అతను ఆ మాట కనబడిన వాళ్ళందరికీ చెప్పాడు. అది జమ్మలమడుగులో మా మేనత్త దాకా పోయింది. తర్వాత అక్కను చూడవచ్చిన పెళ్ళివాళ్ళు కుర్చీలో కూర్చోకముందే “నోరెక్కువంట గదా” అని అడిగేవాళ్ళు. అక్క మాట్లాడటం తగ్గించేసింది. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళతో కూడా తల ఊపడమే. నప్పని గుడ్డ తెస్తే ఒకప్పుడు మొహం మీదే చెప్పే మనిషి, ఇప్పుడు నోరు మెదపకుండా తీసుకుని కుట్టి ఇచ్చేది. అది చూసినప్పుడల్లా నాకు పులివెందుల బస్సెక్కి పోయి అతని చొక్కా పట్టుకోవాలనిపించేది.

ప్రొద్దుటూరులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నా ఫోన్ రిపేరు అంగడి, వెనక గదిలో అక్క మిషన్, ఇద్దరికీ వినబడేట్టు మధ్యలో రేడియో. ఆదివారం సాయంత్రం ఎఫ్ఎంలో శ్రోతలు ఓటేసిన పది పాటలు వేస్తారు. పదో స్థానంతో మొదలుపెట్టి మొదటి స్థానానికి వస్తారు. ఒక ఫోన్ నుంచి ఒక మెసేజ్, అదే ఓటు. ఏ పాట ఎవరు ఎవరి కోసం కోరారో యాంకరమ్మ చదువుతుంది. మొదటి స్థానం వచ్చిన పాటకైతే, ఓటేసిన వాళ్ళతో లైవ్‌లో మాట్లాడుతుంది కూడా.

ఒక ఆదివారం ఆమె అతని పేరు చదివింది. పులివెందుల నుంచి, కొత్తగా పెళ్ళయిన తన శ్రీమతికి ప్రేమతో. పాట అదే. వెనక గదిలో మిషన్ ఆగింది. పాట అయ్యేదాకా ఆగే ఉంది. తర్వాత మళ్ళీ తిరిగింది. నాకు మాత్రం ఒళ్ళంతా మండిపోయింది. మనిషిని మార్చాడు సరే, పాటైనా మార్చుకోకూడదా?

ఆ పాటకు మొదటి స్థానం రానివ్వకూడదని అప్పుడే అనుకున్నాను. ఓట్లు వేయించే పని మా జిల్లాలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. నా అంగడికి రిపేరుకొచ్చిన ప్రతి ఫోనూ బాగై వెళ్ళేలోపు వేరే పాటకు ఓటేసి వెళ్ళేది. జమ్మలమడుగులో అత్త తన వీధినంతా కూడగట్టింది. అతనూ ఊరుకోలేదు, పులివెందులలో స్నేహితులందరి చేతా వేయించేవాడు. అయినా ప్రతి వారం రెండో స్థానమే. ఒకసారి, “మా ఊరివాళ్ళు ఇంకాస్త గట్టిగా ఓటెయ్యాలి” అని అతను పంపిన మెసేజ్‌ను యాంకరమ్మ జాలిగా చదివింది. నేను బల్ల మీద తల పెట్టుకుని నవ్వాను. అంత హాయిగా నవ్వి చాలా రోజులైంది.

ఆ నవ్వు విని అక్క ముందు గదిలోకి వచ్చింది. విషయమంతా చెప్పించింది.

“ఎన్నాళ్ళు ఆపుతావురా?”

“వాడు సచ్చేదాకా.”

“వద్దు. వచ్చేవారం గెలిపిచ్చు.”

“నీకేమన్నా మతి పోయిందా అక్కా?”

“గెల్సినోళ్ళతోనే గదా ఆయమ్మ మాట్లాడేది” అంది అక్క. “నా ఫోన్ నుంచి గూడా ఓటెయ్యి.”

ఆ వారం మా ఓట్లన్నీ అతని పాటకే వేయించాను. చేతులు రాలేదు, అయినా వేయించాను. ఆదివారం ఆ పాటకు మొదటి స్థానం వచ్చింది. అతను లైన్లోకి వచ్చి, పక్కన శ్రీమతి కూడా వింటోందని పొంగిపోతూ చెప్పాడు. ఈ పాటకు ఓటేసిన ఇంకెవరైనా ఫోన్ చెయ్యండి అంది యాంకరమ్మ. అంగట్లో ఉన్న ఫోన్లన్నిటి నుంచీ చేశాను. ఒకటి కలిసింది. అక్క చేతికిచ్చాను.

“ప్రొద్దుటూరు నుంచి మాట్లాడ్తాండా మేడం. ఆ పులివెందులాయన ఇంకా లైన్లో ఉండాడా?”

“ఉన్నారండీ, వింటున్నారు. మీకీ పాట ఎందుకంత ఇష్టం?”

“నాకు గూడా ఈయనే ఇనిపిచ్చినాడు మేడం. మాకు నిశ్చితార్థమైనాక, దినమ్మూ. వాళ్ళింటామె ఏమనుకోవద్దు, పాట మంచిదే. నాకు నోరెక్కువని సంబంధం వద్దన్నాడు, ఊరూరా సెప్పినాడు. ఆ మాట నిజమే. నాకు నోరెక్కువే. అందరికీ నేనే సెప్దామని ఫోన్ జేసినా.”

అటువైపు అతను “హలో, హలో” అన్నాడు. యాంకరమ్మ గబగబా పాట పెట్టేసింది.

అక్క ఫోన్ నా బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఒకామె జాకెట్ గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. అక్క ఆ గుడ్డను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏందిది? ఈ రంగు నీకు ఒక్కరవ్వ గూడా బాగుండదు. ఎవురు తీసుకోమన్నారు నిన్ను?”

ఆమెకు కోపమొచ్చింది. గుడ్డ బాగుందని గట్టిగా వాదించింది. అక్క అంతకంటే గట్టిగా వాదించింది. ఆ అరుపుల్లో పాట ఎప్పుడైపోయిందో నాకు తెలియనే లేదు.