గాజు తొట్టెలో బిస్కెట్ ముక్కలు

ప్రతి ఆదివారం మా నందిగామ ఇంట్లో చేపల తొట్టె నీళ్ళు మారుస్తాను. అడుగున పేరుకున్న మడ్డిని పైపుతో బకెట్‌లోకి లాగుతుంటే ఒక వాసన వస్తుంది, వాన వెలిశాక చెరువు గట్టు మీద వచ్చే వాసన. మావారు ముక్కు మూసుకుని బాల్కనీలోకి పారిపోతారు. నాకు మాత్రం జగ్గయ్యపేటలో పిల్లల డాక్టరు నిర్మల గారి క్లినిక్ గుర్తొస్తుంది. డిగ్రీ అయ్యాక నేను మొదట పని చేసింది అక్కడే, టోకెన్లు ఇచ్చే బల్ల దగ్గర.

హాల్లో పెద్ద గాజు తొట్టె ఉండేది. ఏడ్చే పిల్లలు చేపల్ని చూసి ఊరుకుంటారని మేడం పెట్టించారు. దాని బాగోగులు నాకు అంటగట్టారు. ఉద్యోగానికొచ్చానా, చేపల్ని మేపడానికొచ్చానా అని గొణుక్కునేదాన్ని. మొదటి వారమే సబ్బు, పీచు పట్టుకుని నీళ్ళన్నీ పారబోయబోతుంటే మేడం పరుగున వచ్చి ఆపారు.

"మొత్తం కడిగేస్తే చస్తాయే తల్లీ! నాలుగో వంతు తియ్, మళ్ళీ అంతే పొయ్. పోసే నీళ్ళు ముందు రోజే పట్టి ఉంచు, క్లోరిన్ పోద్ది. ఫిల్టర్ స్పాంజి కొళాయి కింద పెట్టమాక, తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండు. నీళ్ళని బాగుచేసే క్రిములు దాన్లోనే ఉంటాయి."

పొద్దస్తమానం క్రిములు చావడానికి మందులు రాసే మనిషి, క్రిముల్ని కాపాడమంటుంటే నాకు నవ్వాగలేదు. మేడం కూడా నవ్వేశారు.

ఇంతా చేస్తే, ఆ నీళ్ళకి అసలు శత్రువు పుణ్యం! చేపలకి మేత వేస్తే పుణ్యమని మనవాళ్ళ నమ్మకం కదా. వచ్చిన ప్రతి మామ్మా, పిల్లకి జ్వరం తగ్గాలని మొక్కుకుని మరీ, సంచిలోంచి మరమరాలో బిస్కెట్టో తీసి విదిల్చేది. తినగా మిగిలింది కుళ్ళి నీళ్ళు పల్చటి మజ్జిగలా తెల్లబడేవి. గాలాడక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేవి. అది చూసి "అయ్యో, ఇంకా ఆకలే పాపం" అంటూ మరో పిడికెడు!

ఒకరోజు పొద్దున రెండు గోల్డ్ ఫిష్‌లు చచ్చి తేలాయి. మేడం వాటిని తన చేత్తోనే తీశారు. ఆ మధ్యాహ్నం ముక్త్యాల నుంచి ఒక మామ్మ వచ్చింది. భుజాన జ్వరంతో మూలుగుతున్న మనవరాలు. ఖాళీగా ఉన్న చేత్తో బిస్కెట్లు నలిపి తొట్టెలో పోస్తోంది. సరిగ్గా అప్పుడే మేడం గది తలుపు తీశారు. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉండేది.

"చదువు లేకపోతే పోయె, బుద్ధి కూడా లేదా నీకు?"

"పిల్లకి తగ్గుద్దని ఏశానమ్మా" అంది మామ్మ. టోకెన్ నా బల్ల మీద పడేసి, పిల్లని సర్దుకుని మెట్లు దిగిపోయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే అదే.

మేడం మొహం పాలిపోయింది. "ఆ పిల్ల ఊపిరి చూశావా సరళా? డొక్కలెగరేస్తోంది. ఇంటికి తీసుకెళ్తే దక్కదు. నీ బండి తియ్!"

బస్టాండులో ముక్త్యాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మేడం మెడలో స్టెతస్కోపుతోనే ఎక్కేశారు, వెనకే నేను. మమ్మల్ని చూసి మామ్మ కిటికీ వైపు తిరిగిపోయింది.

"చేపలకున్న విలువ మా పిల్లకి లేదా డాక్టరమ్మా?"

బస్సు బస్సంతా మావైపే చూస్తోంది. నేనైతే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. మేడం ఆ దుమ్ములోనే, మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయారు.

"తప్పు నాదే మామ్మా. నోరు జారా. నన్నెన్నయినా తిట్టు, పడతా. పిల్లని మాత్రం నాకియ్యి."

మామ్మ బావురుమంది. పిల్లని మేడం చేతుల్లో పెట్టింది.

నిమోనియా. క్లినిక్‌లోనే మంచం వేసి ఆక్సిజన్ పెట్టారు. పిల్ల తేరుకునేదాకా మేడం ఇంటికి వెళ్ళలేదు. కొన్నాళ్ళకి ఆ పిల్ల లేచొచ్చి తొట్టెకి ముక్కు ఆనించి నిలబడితే, నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"చేపలకు ఏమీ వేయరాదు" అని నేనో బోర్డు రాసి పెట్టాను. మేడం తీయించారు. "చదవలేనివాళ్ళకి అది ఇంకో తిట్టు, సరళా" అన్నారు. దాని బదులు, జబ్బు తగ్గి ఇంటికెళ్ళే పిల్ల చేత రోజూ ఒక్క చిటికెడు మేత వేయించడం మొదలుపెట్టారు. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ముక్త్యాల మామ్మే మిగతావాళ్ళని అదిలించేది: "అట్టా ఏయమాకండే, నీళ్ళు కుళ్ళిపోతయ్! మీ పిల్లకి తగ్గినాక డాక్టరమ్మే ఏయిస్తది." మెల్లగా నీళ్ళు తేటపడ్డాయి. అడుగున గులకరాళ్ళు కనిపించాయి.

మేడం ప్రాక్టీసు మానేసి విజయవాడ వెళ్ళిపోయారు. నేనిప్పుడు నందిగామలో ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ చూస్తున్నాను. నా నోరు పెద్దగా మారలేదు, కూర్చున్నచోటే ఎవరో ఒకరితో గొడవ. కానీ ఎవరైనా చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంటే కూర్చోలేను. తప్పెవరిదన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు వాళ్ళ వెనకే మెట్లు దిగుతాను.