కాచిన నీళ్లు

నా భార్య పోయి ఇవాళ్టికి పది రోజులు. ఆ రోజు ఉదయం హాస్పిటల్‌లో అరకప్పు కాఫీ తాగింది. పదింటికి డాక్టర్ వచ్చి, కిడ్నీలు ఇక పనిచేయవన్నారు. నాలుగింటికి నన్ను నీళ్లు అడిగింది. సీసా మూత తీస్తుంటే "ఎక్కడివి?" అంది. కొన్నవేనని చెప్పాను. రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది. ఐదున్నరకు నర్స్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

నేను ఈ స్మృతివ్యాసం రాస్తున్న మన తెలుగు పత్రిక చదివే చాలామంది పిల్లలకు ఆదివారాలు మా బేస్‌మెంట్‌లో తెలుగు నేర్పింది ఆవిడే. 'శుద్ధి' అనే మాటకు ఒక గంట పూర్తిగా కేటాయించేది. బియ్యంలో రాళ్లు ఏరించేది, మడ్డినీళ్లు గుడ్డలో వడగట్టించేది. ఒకసారి ఒక పాప, "ఆంటీ, మా మమ్మీ ఒంట్లో చెత్త పోవాలని డిటాక్స్ జ్యూస్ తాగుతుంది. అది శుద్ధేనా?" అని అడిగింది.

"ఏం తీసేసిందో మీ మమ్మీని అడిగి రా. చెప్పగలిగితే శుద్ధే" అంది.

ఆవిడ లెక్క అంతే. ఏం తీశామో చెప్పలేకపోతే ఆ మాట వాడకూడదు.

మా ఇల్లు ట్రాయ్ ఊరికి ఉత్తరంగా, సిటీ నీళ్లు రాని చోట ఉంది. ఇంటింటికీ బోరే. ఇరవై రెండేళ్లు ఆవిడ రోజూ పొద్దున్నే పెద్ద స్టీలు గిన్నెలో నీళ్లు పావుగంట మరిగించి చల్లార్చింది. ఇది గుంటూరు కాదని నేను ఆటపట్టించేవాణ్ణి. నీళ్లకు ఊళ్ల పేర్లు తెలియవనేది. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన తెలుగు జంటకూ ఆ అలవాటే నేర్పింది. వాళ్లకు ఆరు నెలల బాబు.

ఈ వసంతంలో బోరునీళ్లు పరీక్షకు పంపింది. ఆర్సెనిక్ అనే విషం ఎక్కువగా ఉందని వచ్చింది. ఆ సాయంత్రం చాలాసేపు స్టవ్ దగ్గరే నిలబడింది.

"ఏమండీ, ఇన్నేళ్లూ నేను ఏం తీసేసినట్టు?"

పక్కింటివాళ్లకు చెప్పి వస్తానంది. ఒక్క పరీక్షతో జనాన్ని భయపెట్టొద్దని, రెండోది రానిమ్మని ఆపాను. నేను ఇంజనీర్ని, నా మాట విన్నది. రెండో రిపోర్ట్ వచ్చేసరికి ఆవిడ హాస్పిటల్‌లో ఉంది. కవరు విప్పకుండా సొరుగులో పెట్టాను. జబ్బుకు నీళ్లే కారణమా అని డాక్టర్‌ని అడిగితే, చెప్పలేమన్నారు.

మూడో రోజున పక్కింటి అమ్మాయి చారు కాచి తెచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అంకుల్, బాబుకి ఫార్ములా పాలు ఆంటీ చెప్పినట్టే కలుపుతున్నా. ఇంకో పది నిమిషాలు ఎక్కువే మరిగిస్తున్నా" అంది.

"మంచిదమ్మా" అన్నాను. ఆవిడ మంచి చేసిందని ఆ పిల్ల అంటుంటే కాదనలేకపోయాను.

రేపు ఇంటికి శుద్ధి. మధ్యాహ్నం పురోహితుడు ఫోన్ చేశారు. బోరు ఉండటం అదృష్టమని, ఆ నీళ్లే బిందెతో పట్టి ఉంచమని చెప్పారు. ఫోన్ పెట్టేశాక సొరుగు తెరిచి కవరు విప్పాను.

రెండో పరీక్షకు ఆవిడ రెండు సీసాలు పంపింది. రిపోర్ట్‌లో ఒకటి 'పచ్చి' అని, రెండోది 'కాచినవి' అని ఉంది. కాచిన వాటిలోనే ఆర్సెనిక్ ఎక్కువ. మరిగితే పోయేది నీరు, విషం కాదు. ఎంత మరిగిస్తే అంత చిక్కబడుతుంది.

ఈ స్మృతివ్యాసంలో ఇది రాయాలా అని ఆలోచించాను. ఆవిడైతే రాయమనే అంటుంది.

పక్కింటివాళ్లు నేపర్‌విల్ అనే ఊరు వెళ్లారు, అర్ధరాత్రి దాటాక గానీ రారు. ఫోన్ చేశాను, తీయలేదు. బాబుకు ఆ నీళ్లు పట్టొద్దని మెసేజ్ పెట్టాను. చూసినట్టు లేదు. రోజూ ఆరున్నరకల్లా వాళ్ల వంటింటి కిటికీ అద్దం బాబు నీళ్లు మరిగే ఆవిరితో మసకబారడం మా సింక్ దగ్గర నుంచి కనిపిస్తుంది.

రేపు పొద్దున ఆరింటికే రిపోర్ట్ తీసుకుని వెళ్లి, వాళ్ల తలుపు కొడతాను.