జెండా మీద కొర్రమేను

నాకు తెలియని విషయమంటూ లేని రోజులవి. ఇరవై రెండేళ్ళ వయసు, ఎనిమిదో తరగతితో ఆగిన చదువు, చేతిలో ఒక బ్రష్షు. మనిషికి ఇంతకంటే జ్ఞానం ఎందుకు? ఏలూరులో బోర్డులు రాసే బాబాయి దగ్గర పనిచేసేవాణ్ణి. (సొంత బాబాయి కాదు, నాకు పని నేర్పిన పాపానికి అలా పిలిపించుకున్నాడు.) ఫ్లెక్సీలు అప్పటికే ఊరంతా కమ్మేశాయి. గుడ్డ మీదా గోడ మీదా చేత్తో రాయించుకునేవాళ్ళు నెలకి నలుగురొస్తే గొప్ప. బాబాయి కాగితం మీద గళ్ళు గీసి, గోడ మీద గళ్ళు గీసి, గడికి గడి సరిపోయేట్టు వేసే మనిషి. నేనేమో ఏ బొమ్మ ఇచ్చినా అందులో లోపం కనిపెట్టి బాగుచేసే మనిషిని. ఒకసారి ఒక చర్చి గోడ మీద కాపరి బొమ్మలో గొర్రెలు మరీ బక్కగా ఉన్నాయనిపించి, నాలుగు రోజులు మేత పెట్టినట్టు వేశాను. ఆదివారం వచ్చిన పిల్లలు వాటిని చూసి పందులనుకున్నారట. పాస్టరుగారు మర్యాదస్తులు. "బొమ్మ చాలా బాగుందండీ, మందని మాత్రం మార్పించండి" అన్నారు. ఆ రోజు నుంచీ బాబాయి నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "ఒరే సొంతపైత్యం" అనేవాడు.

అలాంటి కొట్లోకి ఒక అక్టోబరు మొదట్లో ఒక కుర్రాడు తల వంచుకుని వచ్చాడు. సిగ్గుతో కాదు, వంచకపోతే గుమ్మం తగిలేంత పొడుగు. ఉగాండా నుంచి వచ్చి తాడేపల్లిగూడెం దగ్గర ఒక కాలేజీలో ఇంజనీరింగు చదువుతున్నాడు. (నేను మనసులో పొడుగు తమ్ముడని పేరు పెట్టుకున్నాను, ఇక్కడా అలాగే పిలుస్తాను.) తొమ్మిదో తారీఖు వాళ్ళ స్వాతంత్ర్య దినం. జెండా కావాలి, అచ్చేసిన బొమ్మ కాగితం ఒకటి తెచ్చాడు. "ఫ్లెక్సీ వద్దు అన్నా. అట్టలా ఉంటుంది. ఎగరాలి" అన్నాడు, రెండేళ్ళలో పోగేసుకున్న తెలుగుకి చాలనిచోట ఇంగ్లీషు అతికించుకుంటూ. వాళ్ళ దేశంవాళ్ళు ఆ కాలేజీలో ఇరవైమంది దాకా ఉన్నారట. జెండా ఎగరెయ్యడానికి కాలేజీ పెద్దాయన్ని మొదటిసారి ఒప్పించింది ఇతనే. ఒప్పుకోనిది మాత్రం వాళ్ళలో అందరికంటే సీనియరు, అందరూ పెద్దక్క అని పిలుచుకునే ఆవిడ. "మనల్ని చూసి నవ్వితే ఊరుకున్నాం. జెండాని చూసి నవ్వితే ఊరుకోను. ఏ చిన్న తేడా వచ్చినా ఇదే మొదలు, ఇదే ఆఖరు" అందట. తేడా రాదని ఇతను అందరిముందూ మాటిచ్చి, ఆ మాట పట్టుకుని మా కొట్టుకొచ్చాడు. పాపం, ఏలూరులో ఇంకెన్ని కొట్లు లేవు!

బాబాయికి ఏ పనైనా దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలియాలి. కుర్రాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. నలుపు, పసుపు, ఎరుపు, మళ్ళీ నలుపు, పసుపు, ఎరుపు, మొత్తం ఆరు చారలు. నలుపు మా మనుషులు, పసుపు మా ఎండ, ఎరుపు మనుషులందరిలోనూ పారే ఒకటే నెత్తురు అన్నాడు తమ్ముడు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళని వదిలిపెట్టింది పంతొమ్మిదివందల అరవై రెండులో. "అయితే మాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళయ్యా మీరు" అన్నాడు బాబాయి, తనే స్వయంగా వాళ్ళని పంపించినట్టు. వాళ్ళ రైలుపట్టాలు వెయ్యడానికి ఇంగ్లీషువాళ్ళు మన దేశం నుంచే కూలీల్ని తీసుకెళ్ళారట. తర్వాత మనవాళ్ళు అక్కడ కొట్లు పెట్టుకున్నారు. తర్వాత ఒక మిలిటరీ ఆయన గద్దెనెక్కి, తొంభై రోజుల్లో అందరూ పొండి అన్నాడు. ఆ మాట దగ్గర బాబాయి మొహం కాస్త ముడుచుకుంది. "తర్వాత మళ్ళీ రమ్మన్నారు అండీ. మా నాన్న పనిచేసే మిల్లు ఇండియా వాళ్ళదే" అన్నాడు తమ్ముడు గబగబా. బాబాయి మొహం విప్పారింది. "ఒరే, వీరికి టీ తీసుకురా" అన్నాడు. నేను టీకి వెళ్ళాను. జెండా మధ్యలో తెల్లటి గుండ్రంలో నిలబడ్డ పక్షి సంగతి తమ్ముడు చెప్పింది సరిగ్గా అప్పుడే. (బళ్ళోనూ నాది ఇదే రాత. పరీక్షలో వచ్చే పాఠం చెప్పే రోజే నేను చెరువు గట్టు మీద ఉండేవాణ్ణి.)

జెండాకి రెండు వైపులా బొమ్మ కావాలి కాబట్టి రెండు గుడ్డల మీద విడివిడిగా వేసి, వీపులు కలిపి కుట్టించాలని నిర్ణయమైంది. ఒకవైపు బాబాయి గళ్ళు గీసి వేశాడు. రెండోవైపు మొదలుపెట్టే సమయానికి భీమవరంలో చుట్టాల పెళ్ళి. "కాగితంలో ఏముంటే అదే వెయ్యి. చెయ్యి జారిందా, బ్రష్షులు సర్దుకుని గుండుగొలను బస్సెక్కెయ్" అని హెచ్చరించి వెళ్ళాడు. (గుండుగొలను మా ఊరు. మా నాన్న అక్కడికి దగ్గర్లో చేపల చెరువులకి కాపలా ఉండేవాడు.)

చారలు అచ్చుగుద్దినట్టు వేశాను. పక్షి దగ్గరకొచ్చాను. బూడిదరంగు ఒళ్ళు, నెత్తిన బంగారు పుల్లల కిరీటం, చూడముచ్చటగా ఉంది. కానీ ఒక కాలు పైకెత్తి ఉంది. ముక్కు ఖాళీ. కొంగల్ని తోలడంలోనే బాల్యమంతా గడిపినవాణ్ణి నేను. ఒంటికాలి మీద కదలకుండా నిలబడి, లోకంతో పని లేనట్టు ఉండే కొంగని చూసి ఎన్ని చేపలు మోసపోయాయో నాకు తెలుసు. దాన్నే కదా మనం కొంగజపం అంటాం? అంతటి దేశం అలాంటి దొంగ సన్యాసిని తెచ్చి జెండా మధ్యలో పెట్టుకుంటుందా? ఈ కాగితం అచ్చేసినవాడెవడో పొరపాటు చేసి ఉంటాడు. తమ్ముడు చిన్నవాడు, గమనించలేదు. ఆ దేశం పరువు ఇప్పుడు నా చేతిలో ఉంది. కాలు దించేశాను. రెండు కాళ్ళూ నేల మీద ఆన్చి నిజాయితీగా నిలబెట్టాను. అయినా ముక్కు ఖాళీగా ఉంటే అనుమానం అనుమానమే. జపం గిపం ఏమీ లేదు, నేను తినేది బాహాటంగానే తింటాను అన్నట్టు, ముక్కులో ఒక కొర్రమేనుని పెట్టాను. మచ్చలూ, పాము తలా, మెలితిరిగిన తోకా, ఇప్పటికీ నా జీవితంలో వేసిన అన్ని చేపల్లోకీ అదే గొప్ప చేప. టైలరు రెండు గుడ్డలూ కలిపి కుట్టేశాడు. బాబాయి ఇంకా పెళ్ళి భోజనంలోనే ఉన్నాడు.

తొమ్మిదో తారీఖు పొద్దున్నే జెండా పొట్లం ఒళ్ళో పెట్టుకుని గూడెం బస్సెక్కాను. టిఫిన్ కూడా ఉంటుందని తమ్ముడు పిలిచాడు. తొమ్మిదింటికి కాలేజీలో దిగితే, సైకిళ్ళ షెడ్డు పక్కన ఎదురుచూస్తున్నాడు. పొట్లం విప్పాడు. బాబాయి వేసిన వైపు పైకొచ్చింది. రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. కళ్ళు మెరిశాయి. "అన్నా!" అన్నాడు. అప్పుడు తిప్పాడు. మళ్ళీ "అన్నా" అన్నాడు, కానీ అది వేరే అన్నా.

"ఇది ఏంటి?"

"కొర్రమేను. కొల్లేటిది" అన్నాను గర్వంగా. కొంగజపం సంగతి వివరించబోయాను. అతను వినే స్థితిలో లేడు. ఆ కాలు నిలబడ్డ కాలు కాదట, నడిచే కాలట. దేశం ముందుకి అడుగేస్తోందని గుర్తట. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఉగాండా సిపాయిల టోపీల మీద కూడా ఆ పక్షే ఉండేదట. "నువ్వు మా దేశాన్ని ఆపేశావు అన్నా" అని షెడ్డు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అర్ధగంటలో కార్యక్రమం. నా దగ్గర రంగు లేదు, బ్రష్షు లేదు. ఏలూరు వెళ్ళిరావడానికి టైము లేదు. అవతల మైదానంలో ఇరవైమందీ ఇస్త్రీ బట్టల్లో వచ్చేశారు. వాళ్ళ మధ్యలో ఒకావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పెద్దక్క ఎవరో ఎవరూ చూపించనక్కర్లేకపోయింది.

మా వైపు పుట్టినవాడికి అక్షరాలు రాకపోయినా గాలి వస్తుంది. గుప్పెడు మట్టి తీసి జారవిడిచాను. పడమటి గాలి, నిలకడగా ఉంది. "లేవయ్యా తమ్ముడూ! గాలి ఇలాగే ఉంటే జెండా తూర్పుకి ఎగురుతుంది. స్తంభానికి అటుపక్క కూర్చున్నవాళ్ళకి మా బాబాయి పక్షే కనిపిస్తుంది. కుర్చీలు ఇటుపక్క ఉన్నాయి, అంతే తేడా" అన్నాను. జెండాని షెడ్డులోనే వదిలి, ఇద్దరం పరిగెత్తుకెళ్ళి కుర్చీలు మోయడం మొదలుపెట్టాం. అటెండరు అడ్డుపడ్డాడు. "ఏవండీ, అటుపక్క కళ్ళలో ఎండ కొడుతుందండీ!" అన్నాడు. "ఎండ మొహం మీద పడితే ఫొటోలు బాగా వస్తాయండీ" అన్నాను. ఆ మాటకి ఆయన కూడా మోశాడు. మోస్తూ మోస్తూ తమ్ముడితో తెలుగులో అన్నాను, "ఆవిడ గానీ రెండోవైపు చూసిందంటే మన పని అయిపోయినట్టే. మాటల్లో పెట్టి ఇటే ఉంచు."

జెండా కింది నుంచి మెల్లగా పైకి వెళ్ళింది, గాలి అందుకుంది. బాబాయి పక్షి తూర్పు దిక్కుగా రెపరెపలాడుతూ, కాలెత్తి, ఎంతో ముందుకి నడిచింది. ఇరవైమందీ గుండె మీద చెయ్యి వేసుకుని పాడారు. వాళ్ళ జాతీయగీతం చాలా చిన్నదని తమ్ముడు ముందే చెప్పాడు. అంత చిన్న పాటనిచ్చినందుకు ఆ దేశానికి మనసులో దండం పెట్టుకున్నాను. పెద్దక్క మొహం మొదటిసారి మెత్తబడింది. తమ్ముడు నా వంక చూసి ఊపిరి వదిలాడు. అంతా అయిపోయినట్టే, కాలేజీ పెద్దాయన మైకు పట్టుకోకపోతే.

ఆయన ఆఫ్రికాతో మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి తన చిన్నతనానికి, అక్కణ్ణుంచి కాలేజీ కొత్త బిల్డింగుకి వచ్చారు. పది దాటింది. గాలి పడిపోయింది. జెండా స్తంభానికి అతుక్కుపోయింది. అందరూ గాలి ఆగిందనుకున్నారు. ఆగడం కాదది, పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి తిరగబోవడం. తూర్పు నుంచి చల్లగా ఒక తెర వచ్చి మెడకి తగిలింది. జెండా ఒళ్ళు విరుచుకుని, మెల్లగా, పడమటికి తెరుచుకుంది. వెనక వరసలోంచి ఎవడో మా కొల్లేటి కుర్రాడు అరిచాడు: "ఒరేయ్, కొర్రమేను రా!"

రంగువేసేవాడికి అంతకంటే మెప్పు ఉండదు, ఏ చేపో కూడా చెప్పేశాడు! కానీ ఆ క్షణంలో భూమి చీలితే అందులోకి దూరిపోయేవాణ్ణి. వరసలన్నీ నవ్వాయి. పెద్దాయన తన మాటలకే నవ్వుతున్నారనుకుని ఇంకో పది నిమిషాలు పొడిగించారు. తమ్ముడు తల వంచేసుకున్నాడు. పెద్దక్క ఆ జెండా వంకే చూస్తూ కూర్చుంది. నవ్వలేదు, కదల్లేదు.

సభ ముగిసి అందరూ ఇడ్లీల వైపు కదిలాక ఆవిడ సరాసరి మా దగ్గరికొచ్చింది. తమ్ముడు వాళ్ళ భాషలో ఏదో మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. నా వైపు తిరిగి, మా ఏలూరు వీధుల్లో పుట్టినంత శుభ్రంగా అడిగింది:

"ఏవండీ, ఆ కాలెందుకు దించారండీ?"

"మీకు తెలుగు...?"

"నాలుగేళ్ళయిందండీ వచ్చి. మీరు కుర్చీలు మోస్తూ నా గురించి అన్నప్పుడు మీ వెనకాలే ఉన్నాను. అప్పుడే వెళ్ళి చూశాను జెండాని. ఆపేద్దామనుకున్నాను. మావాళ్ళందరూ బట్టలు ఇస్త్రీ చేసుకుని వచ్చేశారు. మనసొప్పలేదు."

"కొంగజపం అనుకున్నానండీ" అన్నాను చివరికి. అదేమిటో ఆవిడకి తెలియదు. మాటలతో చెప్పలేక, అక్కడే ఒంటికాలి మీద నిలబడి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, చటుక్కున మెడ సాచి చేపని పట్టి చూపించాను. ఆవిడ పెదాలు బిగబట్టింది. రెండోసారి చెయ్యమంది. చేశాను. అప్పుడు నవ్వింది చూడండి, పక్కనున్న కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయింది. తమ్ముడు ముందు ఆవిణ్ణి చూశాడు, తర్వాత నన్ను, తర్వాత నేల మీదే చతికిలబడి నవ్వాడు. వాళ్ళిద్దరి నవ్వూ విన్నాకే నాకు పొద్దుటి నుంచి వెయ్యని ఆకలి వేసింది.

"చేప బాగుందండీ" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుని. "కానీ అది మా జెండా మీద ఉండకూడదు. ఆ వైపు విప్పి సరిగ్గా వేసి తీసుకురండి. వచ్చే ఏడాది కూడా ఇదే ఎగరేస్తాం." తమ్ముడు ఆ "వచ్చే ఏడాది" విని లేచి నిలబడ్డాడు. ఆవిడ కాస్త ఆగి అంది, "తెలియకపోతే అడగొచ్చు కదండీ? చెప్పేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఇక్కడ ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. జుట్టు నిజమైనదేనా అని తప్ప."

ఆ పూట ఇడ్లీలు తింటూ నేను అడిగినన్ని ప్రశ్నలు ఎనిమిదేళ్ళ బళ్ళో కూడా అడగలేదు. వాళ్ళ దేశంలో ఒక పెద్ద సరస్సు ఉందట, ఎంత పెద్దదండీ అంటే, అవతలి ఒడ్డు కనిపించదంది. మా కొల్లేరూ వానాకాలం అంతేనన్నాను. ఆవిడ మర్యాదకి నమ్మినట్టు తలూపింది. బాబాయికి విషయం తెలిసి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గళ్ళు గీసిన కాగితం నా ముందుకి తోసి, "ముందు ఆ పిల్లాడికి ఫోన్ చేసి, ప్రతి గడీ అడిగి వెయ్యి" అన్నాడు. బస్సెక్కమనలేదు. అదే నాకు పదివేలు.

ఇప్పుడు నాకూ ఒక కొట్టుంది, నేనూ ఫ్లెక్సీలే వేస్తున్నాను. ఫోన్లో బొమ్మ పంపినవాళ్ళకి తిరిగి ఫోన్ చేసి, ఇది ఎందుకు ఇలా ఉందండీ, ఈ రంగేనాండీ అని అడుగుతుంటాను. "ఇన్ని ప్రశ్నలేంటండీ బాబూ, ఉన్నదున్నట్టు వెయ్యండి చాలు" అని విసుక్కుంటారు. ఏటికేడాదీ నాకు తెలియనివి పెరిగిపోతున్నాయి, ఏం చేసేది? అన్నీ తెలిసిన ఆ ఇరవై రెండేళ్ళవాడు ఇప్పుడు నా కొట్టుకి పని అడగడానికి వస్తే ఇవ్వను గాక ఇవ్వను. కానీ టీ తెప్పించి, స్టూలు మీద కూర్చోబెట్టి, వాడు చెప్పే తప్పులన్నీ పొద్దుగూకేదాకా వింటాను.